మార్చింది ఒక్క పదం, డిఫ్‌లో ఫైలంతా ఎరుపే

ఫైల్లో మార్చింది ఒక్క పదం. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) డిఫ్, అంటే పాత, కొత్త ఫైళ్ల తేడా తెరిస్తే 800 లైన్లూ ఎరుపు (తీసేసినవి), పచ్చ (చేర్చినవి). రివ్యూ చేసేవాళ్లు అసలు మార్పుని ఎక్కడని వెతుక్కోవాలి? ఇదంతా లైన్ చివర కంటికి కనపడని అక్షరం వల్లే. యూనిక్స్‌లో లైన్ కోడ్ 10తో ముగుస్తుంది, విండోస్‌లో 13, 10 రెండూ ఉంటాయి. ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు అన్నిటినీ మార్చి కూర్చుంటుంది.

పైగా ఏ లైను ఏ కమిట్‌లో (ఒకసారి దాచిన మార్పుల కట్ట) మారిందో చూపే బ్లేమ్ చూస్తే, ప్రతి లైనూ ఆ కమిట్ పేరు మీదే. ఏ లైను ఎందుకు రాశారో చెప్పే చరిత్ర మరుగున పడిపోతుంది. షెల్ స్క్రిప్టయితే మరీ ఘోరం: మొదటి లైన్లో బ్యాష్ (స్క్రిప్టుని నడిపే ప్రోగ్రామ్, అంటే ఇంటర్‌ప్రెటర్) పేరు పక్కన ఆ 13 అంటుకుని, ఉన్న ఇంటర్‌ప్రెటర్‌నే లేదంటుంది లినక్స్. బ్యాష్ అక్కడే ఉంటుంది!

రిపోలో (ప్రాజెక్టు ఫోల్డర్లో) .gitattributes ఫైలు పెట్టి, నక్షత్రం గుర్తు, పక్కన టెక్స్ట్=ఆటో అని ఒక్క లైను రాస్తే చాలు, టెక్స్ట్ ఫైళ్ల లైన్ చివరల్ని గిట్ ఒకేలా దాస్తుంది. స్క్రిప్టులకి ఈఓఎల్=ఎల్ఎఫ్ (లైన్ చివర 10 ఒక్కటే). తర్వాత ఉన్న ఫైళ్లకీ ఇది వర్తించేలా గిట్ యాడ్‌ని రీనార్మలైజ్ ఆప్షన్‌తో నడిపి, ఆ మార్పుని విడిగా కమిట్ చేయాలి. దయచేసి వేరే పనితో కలిపి తోసేయకండి. విడిగా ఉంటేనే, గిట్ 2.23లో వచ్చిన ఇగ్నోర్-రెవ్స్-ఫైల్ ఆప్షన్‌కి ఇచ్చే ఫైల్లో ఆ కమిట్ హ్యాష్ (గుర్తింపు కోడ్) రాసి బ్లేమ్ దాన్ని దాటేసేలా చేయొచ్చు.