ఏకవ్యక్తి సామ్రాజ్యంలో శాఖల కేటాయింపు

సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం ఎవరికీ ఏ బిరుదూ ఇవ్వరాదని భారత రాజ్యాంగం 18వ అధికరణం చెబుతుంది. రావుబహదూర్లను, దివాన్‌బహదూర్లను అలా సాగనంపిన రాజ్యాంగ నిర్మాతలు ఎంత దూరదృష్టి గలవారైనా ఒక్క సంగతి మరిచిపోయారు. మనిషి తనకు తాను బిరుదు ఇచ్చుకోకూడదని వారు ఎక్కడా రాయలేదు. ఆ చిన్న సందులోంచే ఇవాళ హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలోని రెండు పడకగదుల ఇళ్ళ నుంచి సీఈవోలు, ఫౌండర్లు, గ్లోబల్ హెడ్‌లు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నారు. వారిలో నేనూ ఒకణ్ణి కనుక ఈ విషయంలో నా మాటకు కొంత సాధికారత ఉంది.

శ్రీనాథుడు కవిసార్వభౌముడు అనిపించుకోవడానికి ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్ళి, గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించవలసి వచ్చిందని పెద్దలు చెబుతారు. నాకు అంత శ్రమ లేకపోయింది. ఛత్తాబజారు దాకా వెళ్తే సరిపోయింది. అక్కడ విజిటింగ్ కార్డులు అచ్చువేసే పెద్దమనిషి నా పేరు రాసుకొని, కింద ఏం వేయమంటారని అడిగాడు. ప్రొప్రైటర్ అన్నాను. ఆయన కలం ఆపి, జాలిగా చూశాడు.

“సార్, ప్రొప్రైటర్ అని ఇప్పుడెవ్వరూ వేయించుకుంటలేరు. మా గల్లీల కిరాణా దుకాణమాయన గూడ మొన్ననే ఎండీ అయిండు.”

నేను కంపెనీల కాగితాలను తెలుగులోకి అనువదించి పొట్ట పోసుకునేవాణ్ణి. అనువాదకుడినని చెప్పుకుంటే మాటకు ఎన్ని పైసలని బేరం మొదలవుతుంది. భాషా వ్యూహకర్తనంటే ముందు టీ వస్తుంది, ఆ తరువాతే అదే బేరం మొదలవుతుంది. ఆ టీ కోసమని ఫౌండర్, సీఈవో, ముఖ్య భాషా వ్యూహకర్త అని మూడు హోదాలూ మందపాటి కాగితం మీద వేయించుకున్నాను. మూడూ ఒక్క వరుసలో పట్టకపోవడంతో నా ఇంటిపేరును పొడి అక్షరానికి కుదించవలసి వచ్చింది. సామ్రాజ్య విస్తరణలో ఇటువంటి నష్టాలు మామూలే.

చట్టం మాత్రం ఈ విషయంలో బొత్తిగా రసహీనమైనది. 2013 నాటి కంపెనీల చట్టం లెక్కలో సీఈవో అంటే ఒక కంపెనీ ఆ హోదాలో నియమించుకున్న అధికారి. అంటే ముందు కంపెనీ ఉండాలి. సొంతంగా నడుపుకునే వ్యాపారానికి యజమానిని మించి వేరే ఉనికి లేదు, ఆయన పాన్ నంబరే దాని పాన్ నంబరు. ఆ నంబరులో నాలుగో అక్షరం కంపెనీకైతే ‘సీ’, మామూలు మనిషికైతే ‘పీ’. ఆదాయపు పన్ను శాఖ నా స్థాయిని ఇలా ఒక్క అక్షరంతో తేల్చేసింది. ఆ ‘పీ’ని ప్రెసిడెంట్ అని చదువుకొని కొంతకాలం ఊరట పొందాను. పోనీ ఏకవ్యక్తి కంపెనీ పెట్టుకుందామా అంటే, ఆ ఒక్క వ్యక్తీ పోతే తరువాత ఎవరో ఇంకొకరి పేరు ముందే రాసిమ్మంటారు. పట్టాభిషేకం నాడే దినకర్మల ప్రస్తావన తెచ్చే చట్టంతో ఏ చక్రవర్తి మాత్రం వేగగలడు?

వ్యాకరణం కూడా నాకు కలిసిరాలేదు. వింటున్నవారిని కలుపుకుంటే ‘మనం’, వారిని వదిలేస్తే ‘మేము’ అని మన భాష నిక్కచ్చిగా విడదీసింది. క్లయింటుకు ‘మేము పరిశీలిస్తున్నాము’ అని రాయాలంటే ఆయన కాక, నాతోబాటు కనీసం ఇంకొకరైనా ఉండితీరాలి. ఆ ఇంకొకరెవరని మా ఆవిడ నిలదీస్తే, నువ్వే అన్నాను. అయితే జీతం ఏదీ అంది. మా సంస్థలో తలెత్తిన తొలి కార్మిక వివాదం అదే, ఇప్పటికీ పరిష్కారం కాలేదు.

ఇంతకూ అసలు చిక్కు డబ్బు అడగవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. బేరమాడేటప్పుడు సీఈవోగా ఉన్న మనిషి, బాకీ అడిగేటప్పటికి “అన్నా, కొంచెం చూడన్నా” అనే స్థితికి దిగిపోతాడు. అంత దిగజారడం ఇష్టం లేక నేను సంస్థలో అకౌంట్స్ విభాగాన్ని నెలకొల్పాను. అంటే ఇంకొక ఈమెయిల్ చిరునామా తెరిచాను.

బెంజి సర్కిల్ దగ్గర ప్రచార సంస్థ నడిపే ఒక గ్లోబల్ హెడ్ నాకు 18,000 రూపాయలు బాకీపడి మూడు నెలలు దాటింది. మా అకౌంట్స్ విభాగం ఆయనకు ఘాటుగా ఒక లేఖ రాసింది. మా సీఈవో గారు స్వభావరీత్యా మెతక మనిషే అయినా, విషయం వారిదాకా వెళ్ళకముందే తేల్చుకోవడం ఉభయులకూ క్షేమమని హెచ్చరించింది. అంతటితో ఆగక 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టాన్ని కూడా ఉటంకించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటి బాకీ పెడితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ కట్టాలని ఆ చట్టంలో ఉంది. లేఖ పంపబోతూ చూసుకుంటే ఒక ఇబ్బంది కనబడింది. ఆ రక్షణ కావాలంటే, మాది సూక్ష్మ సంస్థ అని మా నోటితో మేమే ఒప్పుకోవాలి. 2020 జూలై నుంచి ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆ నమోదు పైసా ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. పది కోట్ల టర్నోవరు దాకా సూక్ష్మమే కనుక అందులో నామోషీ పడవలసిందీ లేదు. అయినా ఇంతమంది వ్యవస్థాపకుల కార్డులు చూశాను గానీ, అక్కరకొచ్చే ఆ ఒక్క హోదాను అచ్చువేయించుకున్నవాడు నాకు తారసపడలేదు. చివరికి ‘సూక్ష్మ’ అన్న మాటను లేఖ అడుగున, అదీ సూక్ష్మమైన అక్షరాల్లోనే పెట్టి పంపాను.

రాత్రి పదకొండు దాటాక జవాబు వచ్చింది. అది వారి ఫైనాన్స్ విభాగం నుంచి. గ్లోబల్ హెడ్ గారు ప్రయాణంలో ఉన్నందున సంతకం ఆలస్యమైందట. తామూ సూక్ష్మ సంస్థే కనుక సాటి సూక్ష్ములు సహృదయంతో అర్థం చేసుకోవాలట. అందులో ‘రిసీవ్డ్’ అనే ఇంగ్లీషు మాటకు స్పెల్లింగు తప్పింది. గ్లోబల్ హెడ్ గారు నాకు స్వహస్తాలతో రాసిన మొదటి ఈమెయిల్‌లోనూ సరిగ్గా అదే తప్పు. నాకు విషయం బోధపడింది. మా అకౌంట్స్ విభాగం సంగతి ఆయనకూ బోధపడే ఉంటుంది. అయినా పెద్దమనుషుల మర్యాద పెద్దమనుషులది. రెండు వారాలపాటు రెండు విభాగాలూ కత్తులు దూసుకున్నాయి. ఆ రోజుల్లోనే గ్లోబల్ హెడ్ గారూ నేనూ పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మలతో శుభోదయాలు చెప్పుకుంటూనే ఉన్నాం. మా సిబ్బంది తగాదాల్లోకి మేం తలదూర్చలేదు.

చివరికి ఒక శనివారం సాయంత్రం 18,000 రూపాయలు యూపీఐలో జమ అయ్యాయి. పంపినవారి పేరు చూస్తే గ్లోబల్ హెడ్ గారిదీ కాదు, సంస్థదీ కాదు. అదే ఇంటిపేరు గల ఒక మహిళది. వారి ట్రెజరీ కాబోలు.

ఆ విజయానికి గుర్తుగా అకౌంట్స్ విభాగానికి వీధి చివరి బండి మీది మిరపకాయ బజ్జీలు ఒక ప్లేటు మంజూరు చేశాను. సీఈవో గారు కూడా రెండు తిన్నారు. మిగిలినవి మా ఆవిడ జీతం బకాయి కింద జమ వేసుకుంది.