బత్తాయికి స్టూలు, మునగకు మంచం కింద జాగా

పోయిన వానకాలం జ్వరమొచ్చి నల్లగొండలో ఒక దవాఖానలో మూడు రోజులు పడుకున్నాను. జ్వరం సంగతి రెండో రోజుకే తేలిపోయింది. తేలనిది బత్తాయిల సంగతి. చూడవచ్చినవాళ్లు పద్నాలుగు మంది, అందరి చేతుల్లోనూ బత్తాయి సంచులే. మా ఇంటామె స్టూలు మీద పెట్టింది, కిటికీలో పెట్టింది, చివరికి జాగా లేక సెలైన్ స్టాండుకు తగిలించింది. పొద్దున రౌండుకొచ్చిన డాక్టరు ముందు దాన్నే చూసి, "ఈ బాటిల్ ఎవరు పెట్టారు?" అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మర్రిగూడ దిక్కు నుంచి మా మేనత్త వచ్చింది. ఆమె తెచ్చిన గోనెసంచిలోంచి మునక్కాయలు బారెడు బయటికి పొడుచుకొచ్చాయి. అడుగున తడిగుడ్డలో చుట్టిన మునగాకు.

"ఏం బిడ్డా, గిట్ల పండుకుంటివి? గీ ఆకు పప్పుల ఏసుకొని తిను, నాలుగొద్దులల్ల లేసి తిరుగుతవ్."

వార్డంతా నవ్వింది. పక్క మంచం రోగి కుట్లు పట్టుకొని మరీ నవ్వాడు. ఆయా వచ్చి, "కూరగాయలు లోపలికి తేవద్దమ్మా" అంటూ ఆ సంచిని మంచం కిందికి నెట్టింది. పందొమ్మిది కిలోల బత్తాయిలను చూసి మాత్రం ఆమెకు ఏ నిబంధనా గుర్తుకు రాలేదు.

ఇది చిన్న విషయం కాదు. ఒక సంచికి స్టూలు, ఒక సంచికి మంచం కింది చీకటి ఎవరు కేటాయించారు, ఏ ప్రాతిపదికన కేటాయించారు అన్నది దేశం తేల్చుకోవలసిన ప్రశ్న. జ్వరం దిగినవాడికి వేరే పనుండదు గనుక నేనే విచారణ మొదలుపెట్టాను.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు సంగతేమిటో చూద్దామని మొదలై, 1958లో హైదరాబాదుకు మకాం మార్చింది. మన దేశపు గింజలు, కూరలు, పండ్లన్నీ తూచి, అరగదీసి, దేనిలో ఏమెంత ఉందో పట్టికలు రాసిపెట్టింది. వాళ్లు ఎంత శ్రద్ధగా రాశారో మనం అంత శ్రద్ధగా వాటిని తెరవకుండా కాపాడుకుంటూ వస్తున్నాం.

తెరిచి చూస్తే, బత్తాయికి పేరుపడ్డ మా నల్లగొండ జిల్లా పౌరుడిగా చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. 100 గ్రాముల బత్తాయిలో విటమిన్ సి 50 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. మునక్కాయలో 120. మునగాకులో 220. కాల్షియం బత్తాయిలో 40, మునగాకులో 440. మునక్కాయలో మాత్రం 30, అక్కడ బత్తాయే గెలిచింది, న్యాయం న్యాయమే. ఇవి పాత పట్టికల అంకెలు. 2017లో వచ్చిన కొత్త పట్టికలో మునగ కొంత తగ్గింది గానీ విటమిన్ సి వరుసలో బత్తాయి జాగా మారలేదు. కంటికి కావలసిన కెరోటిన్ ఊసెత్తితే బత్తాయి తల వంచుకుంటుంది. ఆకులో అది దండిగా ఉంది.

అసలు మా బత్తాయిని ఓడించడానికి మునగదాకా పోనక్కర్లేదు. పచ్చిమిరపకాయలో విటమిన్ సి దాదాపు దానికి రెట్టింపు. కాకపోతే 100 గ్రాముల పచ్చిమిరపకాయలు తిన్నవాడు ఆ లాభం చెప్పడానికి మన మధ్య కూర్చోలేడు.

బత్తాయి తరఫున కూడా వకాల్తా పుచ్చుకుంటాను. దాన్ని తొక్క తీసి పచ్చిగా తింటాం, ఉన్నదంతా కడుపులోకే పోతుంది. మునగను ఉడకబెడతాం. విటమిన్ సి వేడికి ఆగదు, నీళ్లలో దిగిపోతుంది. కాబట్టి పట్టికలో రాసిన 220 గిన్నెలోకి రాదు. పైగా బత్తాయిలో నూటికి 88 పాళ్లు నీళ్లే. నోరెండిపోయిన జ్వరపు మనిషికి అది నిజంగానే హాయి. ఇంత మంచి పేరున్న కాయను మనమేం చేస్తాం? రసం పిండి, పీచంతా వడకట్టి పారేసి, మూడు చెంచాల చక్కెర, ఇంత ఐసు వేసి రోగికి తాగించి "బలం" అంటాం.

మునగ పక్షంలోనూ దొంగలున్నారు. మునగాకులో పాలకన్నా పదిహేడు రెట్ల కాల్షియం ఉందని మా బావమరిది వారానికోసారి ఫోనుకు పంపుతాడు. అది ఎండబెట్టిన పొడిని పచ్చి పాలతో తూచిన లెక్క. నీళ్లన్నీ తీసేసినదాన్ని, నీళ్లే ఎక్కువున్నదాన్ని ఒకే తక్కెట్లో వేస్తే ఎవరైనా గెలుస్తారు. మనుషులను ఎక్కించడానికి వాడుకునే చెట్టు అది. ఆఖరికి మునగనే మునగచెట్టు ఎక్కించారు.

భాష కూడా మొదటినుంచీ పండు పక్షమే. కాపురం బాగుంటే పండంటి కాపురం, కొడుకు పుడితే పండంటి బిడ్డ. కూరగాయల వంతుకు వచ్చినవి సొరకాయ కోతలు, కూరలో కరివేపాకు. పెళ్లికి దీవిస్తూ "కాకరకాయ లాంటి కాపురం చేసుకోండి" అని ఒక్క పెద్దమనిషి అనగా నేను వినలేదు, నిజం అందులోనే ఎక్కువున్నా.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మిగతా జిల్లాల్లో సామెతే. మా దగ్గర అది జీవో లాంటిది. పటిక, సున్నం వేసి, నీళ్లలో ఎక్కువైతే ఎముకలను, కీళ్లను పాడుచేసే ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి శాస్త్ర పుస్తకాల్లో మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పేరు మాకు దక్కింది. మంచినీళ్లు దక్కడానికి మాత్రం చానా ఏండ్లు పట్టింది. ఆ ఏండ్లలోనే మా మేనత్త మోకాళ్లు పోయాయి. ఫ్లోరైడుకు మందు మునగాకు కాదు, మంచినీళ్లే. ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ నీళ్లు తాగేవాళ్లకు కాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి పెట్టాలని డాక్టర్లు చెప్పేవాళ్లు. ఆ తిండి వాకిట్లోనే నిలబడి పూత రాల్చుకుంటుండేది. ఆమె ఆషాఢంలో ఒక్క పూట శాస్త్రానికి వండి, మిగతా ఆకు మేకలకు కోసేసేది. బత్తాయి తోట కూడా ఉండేది వాళ్లకు. మంచి కాయంతా లారీ ఎక్కి ఢిల్లీ పోయేది. తరుగు పేరు మీద షావుకారి కోసుకున్నది పోను డబ్బులొచ్చేవి. ఇంట్లోవాళ్లు తిన్నవి గాలికి రాలినవే.

2024లో ఆ తార్నాక సంస్థే రోజుకు 400 గ్రాముల కూరలు, 100 గ్రాముల పండ్లు తినమని చెప్పింది. అంటే నాలుగు పాళ్లకు ఒక పాలు. నా మంచం దగ్గరి లెక్క దీనికి సరిగ్గా తలకిందులుగా ఉందని ఇంటామెతో అన్నాను.

"ఆ 400 గ్రాములు ఎవరు కోస్తరు? ఆకు ఎవరు దూస్తరు?" అంది.

విచారణ మొత్తంలో నాకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం ఇది. పండు పట్టుకొచ్చినవాడు దండం పెట్టించుకొని పోతాడు. కూర పట్టుకొచ్చినవాడు ఒక ఆడమనిషికి గంట పని పెట్టిపోతాడు. మునగాకు దూయడమంటే మాటలా? ఈనెలు ఏరేసరికి సీరియల్ అయిపోతుంది. పట్టికల్లో విటమిన్లకు గళ్లున్నాయి గానీ ఈ గంటకు గడి లేదు.

అయినా ఉద్యమం ఆపకూడదు కదా. నెల తర్వాత మా ఆఫీసు సహోద్యోగి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఈసారి మార్పు నాతోనే మొదలవ్వాలని, ప్రకాశం బజారులో రెండు పెద్ద కట్టల మునగాకు కొని బండి హ్యాండిల్‌కు తగిలించుకొని వెళ్లాను. దవాఖాన గేటు ముందు బండి దిగాను. లోపలినుంచి వాళ్ల అత్తగారు, బావమరదులు, పక్కింటివాళ్లు, అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. గేటు పక్కన బత్తాయిల తోపుడుబండి ఉంది. కాళ్లు అటే పోయాయి.

"రెండు కిలోలు ఇయ్యి. కవరు గట్టిది పెట్టు."

లోపల పది నిమిషాలు కూర్చొని, వాళ్ల స్టూలు మీద ఉన్న ఆరు సంచుల పక్కన నాది ఏడోదిగా పెట్టి బయటికొచ్చాను. బండి దగ్గర ఒక మేక ముందు కాళ్లు ఫుట్‌రెస్టు మీద పెట్టి, హ్యాండిల్‌దాకా మెడ సాచి నిలబడింది. మొదటి కట్ట అయిపోయింది, రెండోది సగానికొచ్చింది. పక్కనే తోపుడుబండి కింద బత్తాయి తొక్కలు కుప్పగా పడున్నాయి. వాటిని మూతితో అయినా తాకలేదు.