నేరమూ రోగిదే, రాతా రోగిదేనా?

మార్చి వస్తే పేగు క్యాన్సర్ అవగాహన మాసమంటూ పోస్టర్లు వెలుస్తాయి. పీచు తినండి, నడవండి, తాగకండి. ఏప్రిల్లో అవి గోడ దిగుతాయి. జబ్బు పడ్డవాడు డాక్టరు ముందు కూర్చుంటే మొదటి ప్రశ్న, ‘ఏం తినేవారు?’ తిండి సవ్యంగానే ఉందంటే రెండోమాట, ‘అయితే మీ వంశంలోనే ఉందేమో!’ అలవాటైతే నేరం అతనిది, జన్యువైతే రాత అతనిది. ఎటు తిప్పినా ప్రభుత్వాల మీదకు మాట రాదు.

అలవాట్ల పాత్రను కాదనేవారు లేరు. సిగరెట్, మద్యం, స్థూలకాయం, కదలకుండా కూర్చోవడం, అన్నీ ముప్పును పెంచేవే. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం (ఉప్పేసో పొగబెట్టో నిల్వచేసినది) తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే తేల్చింది. వ్యక్తిగత బాధ్యత వద్దా అని అడిగేవారికి మా జవాబు, కావాలి. కానీ మద్యం మీద పన్ను పిండుకునే చేతులే ‘తాగకండి’ అని పోస్టరు అతికించడమేమిటి?

జన్యువుల సంగతి ఇంకా అన్యాయం. 1895లో అమెరికాలో కుట్టుపని చేసుకునే ఒకామె, తమ ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారని, తనకూ అదే గతని పెథాలజిస్టు వార్తిన్‌తో చెప్పింది. అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఆయన ఆ కుటుంబం చరిత్రంతా కూడగట్టి 1913లో ప్రచురించాడు. నేడు దాని పేరు లించ్ సిండ్రోమ్. కణం విడిపోయేటప్పుడు డీఎన్ఏలో దొర్లే తప్పుల్ని దిద్దే జన్యువు పాడవడమే దీనికి మూలం. సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అయినా అత్యధికులకు తమకు ఉన్నట్టే తెలియదు. తెలిస్తే క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేసి, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసి, లోపలి గోడ మీద మొలిచే చిన్న గడ్డను (పాలిప్) క్యాన్సర్‌గా మారకముందే తీసేయొచ్చు. తెలియకపోవడం రోగి తప్పా?

పేగు క్యాన్సర్లలో ఇలా స్పష్టంగా వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు దాకా. అవి కాక, అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి వస్తే మిగతావారికి ముప్పు దాదాపు రెట్టింపు. ఇక్కడ జన్యువు ఎంత, అలవాటు ఎంత అని గీత గీయడం కష్టం. ఒకింటివాళ్లు పంచుకునేది రక్తమే కాదు, వంటిల్లు కూడా! గీత గీయలేనిచోట నింద మాత్రం తేలిగ్గా వేస్తున్నారు.

పేగు క్యాన్సర్ అని తేలిన ప్రతి ఒక్కరి కణితికీ లించ్ పరీక్ష చేయాలని 2017లోనే బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ సూచించింది. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 లక్షల మంది కొత్తగా ఈ జబ్బు పడ్డారు, తొమ్మిది లక్షల మంది పోయారు. వచ్చే మార్చికి పోస్టర్లు అచ్చేయించే ఆరోగ్యశాఖలు ముందు తమ లెక్క చెప్పాలి. ఎన్ని కణితులకు ఆ పరీక్ష చేయించారు? ఎందరు రోగుల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కబురు పంపారు? ఆ లెక్క తేల్చకుండా, ‘ఏం తినేవారు?’ అని అడగడానికి సిగ్గుపడాలి.