తాబేలూ, కందిపప్పూ, నేనూ

మొన్న ఆదివారం అమ్మ ఎండబెట్టిన వడియాలు తేవడానికి మేడెక్కుతూ, "ఒరేయ్, మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్" అంది. సరేనన్నాను. కాకపోతే చేతిలో ఫోన్ ఉంది.

ఫోన్లో కథ ఆట. మనం ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది. అందులో నేను చువాంగ్‌త్సేని, అంటే క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు చైనా తత్వవేత్తని. పూ నది ఒడ్డున గాలం వేసుకు కూర్చుంటే చూ దేశపు రాజు పంపిన ఇద్దరు అధికారులు వచ్చి, రాజ్యభారం మీకే అప్పగిస్తారట, రండి అన్నారు. కింద రెండు బటన్లు: 'వస్తాను', 'రాను'.

మనకి తెలివెక్కువ కదా. అంతకుముందే ఆటలో 'వూ వెయ్' గురించి చెప్పారు, అంటే దేన్నీ బలవంతంగా చెయ్యకు, దాని దారిన దాన్ని పోనివ్వు అని. అందుకని అసలు రహస్యం ఏదీ నొక్కకపోవడమేనని తేల్చేసి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. నీళ్ళలోంచి ఎగిరిన చేప గాల్లోనే ఆగిపోయి ఉంది. ఆహా, కాలాన్నే ఆపేశారు, ఏం డిజైన్ రా బాబూ అనుకున్నా. విజిల్స్ ఆరు దాకా లెక్కపెట్టినట్టు గుర్తు. ఆ తర్వాత విజిల్స్ లేవు, వాసనే.

అమ్మ వడియాల చేటతో దిగింది. "ఏం చేస్తున్నావురా?"

"ఏమీ చెయ్యట్లేదమ్మా."

"తెలుస్తూనే ఉంది."

ఊరుకోవచ్చుగా, వూ వెయ్ గురించే చెప్పిన ఇంకో చైనా తత్వవేత్త లావోత్సేని లాక్కొచ్చాను. ఆయన పుస్తకం తావో తే చింగ్ 60వ అధ్యాయంలో, పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపల్ని వండడం లాంటిదన్నాడమ్మా, ఊరికే కెలికితే చితికిపోతాయని దాని అర్థం, అన్నాను.

"కెలకొద్దన్నాడు, బానే ఉంది. కట్టొద్దన్నాడా?" అని ఫోన్ లాక్కుని చూసింది. "ఇదేంట్రా, నెట్ లేదంటోంది?"

అంటే ఇరవై నిమిషాలుగా నేను సాధన చేసింది హ్యాంగైన ఆటతో.

సాయంత్రం కుక్కర్ తోముతుంటే నెట్ వచ్చింది. అధికారులు పాపం ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. మోచేత్తో 'రాను' నొక్కా. వెంటనే ఇంకో ప్రశ్న, తాబేలుకి ఏది నయమని: చచ్చి మూడు వేల ఏళ్ళుగా గుళ్ళో పెట్టెలో గౌరవంగా ఉండటమా, బతికి బురదలో తోక ఈడ్చుకుంటూ తిరగడమా? నా చేతుల నిండా మసి, సబ్బు నురగ. అమ్మనే నొక్కమన్నాను.

కళ్ళజోడు సర్దుకుని నింపాదిగా చదివి, "బురదే నయం" అని నొక్కి, "ముందు ఆ అడుగు తోము" అంది.