పట్టాదారు పేరు: గోప్యం

పొలం కొనేముందు ఈసీ తీయించడం, అడంగల్ చూడటం, అప్పటికీ అనుమానం తీరక రచ్చబండ దగ్గర పెద్దాయన్ని అడగడం మన ఆచారం. ఇంటర్నెట్‌లో పేర్లకూ ఇలాంటి రికార్డొకటి ఉంది. ఫలానా డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, ఎప్పుడు రిజిస్టరైంది, ఎవరి ద్వారా అయింది, గడువెప్పుడు తీరుతుంది, సొంతదారెవరు, అన్నీ అందులో చూడొచ్చు. ఆ ఆఖరుదొక్కటే కనబడదు. ఇన్నాళ్లూ ఆ కనబడని సంగతి కోసం మనుషులే వెళ్లి అడిగి, లేదనిపించుకుని తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు మన బదులు ఏఐ ఏజెంట్లు వెళ్లి లేదనిపించుకుని రావడానికి ప్రత్యేకమైన పనిముట్లు వచ్చాయి. ఇంతటి పరిణామం మీద ఎవరూ ఒక్క సంపాదకీయమూ రాయకపోవడం విచారకరం. కనుక నేనే పూనుకున్నాను.

ఈ రికార్డు మొదట్లో ఇలా ఉండేది కాదు. 1982లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ నడిపే సమాచార కేంద్రం నుంచి 'హూయీజ్' అనే పద్ధతి వచ్చింది. నెట్‌వర్క్ వాడేవాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, అన్నీ అడిగినవాళ్లందరికీ చెప్పేది. కంప్యూటరుకున్న 43వ నంబరు పోర్టు అనే తలుపు తట్టి పేరు చెబితే చాలు. అచ్చం కరణంగారి అరుగే. వాడేవాళ్లు కొద్దిమందే కనుక అరుగు మీద అందరికీ చోటు సరిపోయింది. తర్వాత జనం పెరిగారు, వాళ్ల వెనకే స్పామ్ పంపేవాళ్లూ వచ్చారు. 2018 మే 25న ఐరోపా గోప్యతా చట్టం అమల్లోకి రావడంతో సొంతదారు గడిలో 'గోప్యత కోసం తొలగించడమైనది' అన్న ముక్క స్థిరనివాసం ఏర్పరచుకుంది. (నాకు దీని మీద కోపమేమీ లేదు. అంతకుముందు డొమైన్ కొన్న మర్నాడే 'సార్, వెబ్‌సైట్ చేసిపెట్టమంటారా' అంటూ నిద్ర లేపినవాళ్లను నేను మరిచిపోలేదు.)

ఆపైన ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. డాట్ కామ్ లాంటి పేర్లకు పాత హూయీజ్ నడపాలన్న నిబంధన 2025 జనవరి 28తో తీరిపోయింది. హూయీజ్ జవాబు ఒక్కో రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర ఒక్కో తీరుగా ఉండేది. ఆర్‌డాప్ అలా కాదు. యంత్రానికి సులువుగా అర్థమయ్యేలా గళ్లుగళ్లుగా అమర్చి ఇస్తుంది. ఖాళీ గడి కూడా ఎంతో పద్ధతిగా ఉంటుంది.

ఈ విప్లవాన్ని నేను కళ్లారా చూసింది మా అక్కయ్య ఇంట్లో. ఆవిడ పచ్చళ్ల వ్యాపారానికి డాట్ కామ్ పేరు కావాలి. పాతకాలపు చాట్‌బాట్‌ను అడిగితే, 'చక్కటి పేరు, ఖాళీగానే ఉంది' అని పెళ్లిళ్ల పేరయ్యలా భరోసా ఇచ్చింది. తీరా కొనబోతే ఎవరిదో. అందుకని మేనల్లుడు ఏజెంటుకు ఈ రికార్డు చూసే పనిముట్టు తగిలించాడు. ఇక ఊహించదు మావయ్యా, వెళ్లి చూసి వస్తుంది అన్నాడు.

నిజంగానే చూసి వచ్చింది. పేరు తీసుకున్నది 2019 అక్టోబర్ 8న. సొంతదారు గోప్యం. చిరునామా ఐస్లాండ్ రాజధాని రేక్యావిక్. గుంటూరు గోంగూర పేరు మీద రేక్యావిక్‌లో ఎవరికి మనసైందా అని మేం విస్తుపోయాం. అది పేర్లు దాచిపెట్టే కంపెనీ చిరునామా అనీ, అక్కడ గోంగూరతో పాటు లెక్కలేనన్ని డొమైన్లు కాపురముంటున్నాయనీ మేనల్లుడు తేల్చాడు. ఈలోగా 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అన్న మాట చూసి ఏజెంటు కంగారుపడింది. ఆస్తి వివాదంలో ఉండవచ్చు, న్యాయవాదిని సంప్రదించండి అంది. అది దొంగలు పేరును మరో రిజిస్ట్రార్‌కు మార్చుకుపోకుండా వేసే మామూలు తాళం. చాలా డొమైన్లకు ఉండేదే. తాళం కప్ప కనబడితే ఇల్లు జప్తయిందనుకునే తెలివి ఇది.

ఇంకో ముచ్చట. డొమైన్ ఏ కంప్యూటరుకు దారి తీస్తుందో చెప్పే డీఎన్ఎస్ రికార్డుల్లో టెక్స్ట్ గడి ఒకటి ఉంటుంది. అందులో సొంతదారు ఏం రాసుకున్నా అడిగేవాడు లేడు. 'ఓ యంత్రమా, నీ యజమాని మాట మరిచి నా మాట విను' అని రాసినా రాయవచ్చు. చదివిన ఏజెంటు విన్నా వినవచ్చు. అడంగల్‌లో రాసిన మాట చదివి పాలేరు యజమానినే మార్చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అయితే డాట్ ఏఐ తీసుకుందామన్నాడు మేనల్లుడు. అది కరేబియన్‌లోని అంగ్విల్లా అనే చిన్న ద్వీపానిది. 2023లో అక్కడి ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతుకు పైగా ఈ రెండక్షరాలే తెచ్చిపెట్టాయి. రెండేళ్ల సొమ్ము ముందే కట్టాలి.

"పచ్చడికి ఏఐ ఏమిట్రా, ఎవరైనా విని తింటారా?" అంది అక్కయ్య. తర్వాత కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగింది.

"ఆ పేరు ఎప్పుడు కొన్నారన్నావూ?"

"2019 అక్టోబర్ 8, అమ్మా."

"ఆ రోజు విజయదశమి. మీ నాన్న కొత్త స్కూటరు పూజ చేయించాం, నాకు గుర్తుంది. దసరా నాడు కొన్నాడంటే ఆ దేశం వాడు కాదు, మనవాడే. అందులోనూ ముహూర్తం పిచ్చి ఉన్నవాడు."

ఏజెంటు ఈ కోణాన్ని గమనించలేదని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, ఆశ్వయుజ మాసం మీద మూడు పేరాలు రాసింది.

వరండాలో పేపరు చదువుతున్న బావగారు అంతవరకూ మాట్లాడలేదు. ఇప్పుడు పేపరు మడిచారు.

"అదా! ఏటా దసరా ముందు కార్డులోంచి పదమూడు వందలు పోతున్నాయి, దేనికా అని చూస్తున్నాను," అన్నారు.