ఖమ్మం పేరు చెప్పి కాలేజీ పిల్లలను భయపెట్టకండి

ఒకే సందేశం ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవారిలో ఇద్దరు నాతోపాటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పేవారే కావడం నన్ను మరింత బాధించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ నుంచి కాపాడే టీకాను కాలేజీ అమ్మాయిలకు వేయించవద్దని హెచ్చరించే ఆ సందేశం చెప్పేవి ఐదు మాటలు: టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరు, మగపిల్లలకు దీనితో పనిలేదు, పద్ధతిగా పెరిగిన అమ్మాయికి అవసరమే లేదు, కాలేజీ వయసులో వేసినా దండగే, ఖమ్మంలో ఈ టీకా వల్లే ఆడపిల్లలు చనిపోయారు.

మొదటి రెండింటికీ ఎక్కువ సమయం అక్కరలేదు. టీకాలో ఉన్నది వైరస్ పైతొడుగులోని ఒక ప్రొటీన్ మాత్రమే, వైరస్ జన్యుపదార్థం అందులో లేదు. సంతానలేమి గురించి ఇన్నేళ్లుగా వెతికినా ఆధారం దొరకలేదు. పిల్లలు పుట్టే అవకాశాన్ని నిజంగా పోగొట్టగలిగేది ఆ క్యాన్సర్: శస్త్రచికిత్సలో గర్భసంచి తీసేయవలసి రావచ్చు, రేడియేషన్‌తో అండాశయాలు దెబ్బతినవచ్చు. ఇక మగపిల్లల మాటకొస్తే, గొంతు, మలద్వార, పురుషాంగ క్యాన్సర్లలో కొన్నింటికి కారణం ఈ వైరసే కనుక ఆస్ట్రేలియా 2013 నుంచి బడి పిల్లల్లో అబ్బాయిలకూ టీకా వేస్తోంది.

నన్ను నిలవనీయనిది మూడో మాట. పద్ధతిగా పెరిగిన అమ్మాయికి రేపు పెళ్లి చేయరా? పెళ్లికొడుకు ఒంట్లో ఈ వైరస్ ఉందో లేదో ఆమెకు ఎలాగూ తెలియదు, చాలాసార్లు అతనికీ తెలియదు, ఎందుకంటే అది ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి ఉండగలదు. జీవితంలో భర్తను తప్ప మరొకరిని ఎరుగని స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తూనే ఉంది. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది దానితో మరణించారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. సందేశం రాసిన పెద్దమనిషి వీళ్ల శవాల పక్కన నిలబడి పద్ధతి గురించి ఉపన్యాసం ఇవ్వగలడా? వైరస్‌కు శీలం తెలియదు. ఆ మాట చేసే హాని ఎక్కడో కాదు, నా తరగతి గదిలోనే కనిపించింది. రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకరు అందరూ వెళ్లేదాకా ఆగి, "మేడమ్, ఈ టీకా అడిగితే ఇంట్లో నన్ను అనుమానిస్తారేమో" అని మెల్లగా అన్నది. ఇవాళ టీకా అడగడానికి సిగ్గుపడిన పిల్ల, ముప్పై ఏళ్లు దాటాక ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకోవడానికీ అలాగే సిగ్గుపడుతుంది. మన ఊళ్లలో ఈ జబ్బు ముదిరాకే బయటపడటానికి ఆ సిగ్గు కూడా ఒక కారణం. దానిని నేర్పుతున్నది మనమే.

నాలుగో మాటలో కొంత నిజముంది. వైరస్ సోకకముందు, అంటే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తేనే ఫలితం ఎక్కువ. కానీ ఫలితం తగ్గడం వేరు, దండగ కావడం వేరు. స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్లలోపు టీకా తీసుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగానూ, 17 నుంచి 30 ఏళ్ల మధ్య తీసుకున్నవారిలో 53 శాతం తక్కువగానూ కనిపించింది. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకాకు 26 ఏళ్ల వరకు అనుమతి ఉంది. ప్రైవేటుగా వేయించుకోవాలంటే ఖర్చు చాలా కుటుంబాలకు భారమన్న మాటను మాత్రం నేను కాదనను.

ఇక ఖమ్మం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు పాత్ అనే సంస్థ చేపట్టిన కార్యక్రమం కింద టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికల మరణాలు నమోదయ్యాయి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది.

అయినా ఖమ్మం మీద కోపం తప్పని నేను అనలేను. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు, 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికల తల్లిదండ్రులను అడగకుండానే పిల్లల చేతులకు సూది గుచ్చారు. అది ఘోరమైన అన్యాయం, అప్పుడు దానిని నిలదీసినవారికి మనం రుణపడి ఉన్నాం. సందేశం రాసినవారు నిజమైన ఆ అన్యాయాన్ని వదిలేసి, లేని విషాన్ని ప్రచారం చేస్తున్నారు.

మన విద్యార్థుల్లో చాలామంది పద్దెనిమిదేళ్లు నిండినవారు, వారి సంతకం వారే పెట్టగలరు. కళాశాలలో టీకా శిబిరం పెడితే వారం ముందే తెలుగులో వివరాలు చేతికివ్వాలి, వైద్యురాలిని పిలిపించి ప్రశ్నలు అడగనివ్వాలి, వద్దన్నవారిని హాజరు పేరుతో బెదిరించకూడదు. సహోద్యోగులిద్దరికీ నా విన్నపం ఒక్కటే: ఆ సందేశం పెట్టిన గ్రూపులోనే ఈ జవాబునూ పెట్టండి, అందులో ఆ అమ్మాయి కూడా ఉంది.