పోలీసు మత్తు, డాక్టరు మత్తు

హైదరాబాద్ సిటీ పేజీలో ఏదో ఒక మూల 'మత్తు' కనిపించని రోజు అరుదు. మత్తు ముఠా గుట్టురట్టు, మత్తుకు యువత చిత్తు, భారీగా మత్తుమందుల పట్టివేత. అదే మాటను ఆసుపత్రి వరండాలో నర్సు కూడా అంటుంది: "పొద్దున్నుంచి ఏం తినలేదు కదమ్మా? మత్తు డాక్టరుగారు వస్తున్నారు." పేపర్లో మత్తు అమ్మినవాడు జైలుకు పోతాడు. ఇక్కడ మత్తు ఇచ్చేవాడు రాకపోతే ఆపరేషనే మొదలవదు. ఒక్క మాట మీద ఈ రెండు బరువులూ వేయడం వల్ల నష్టపోతున్నది రోగులేనని నా అభిప్రాయం.

నిద్రమత్తు, అధికార మత్తు, మత్తెక్కించే గొంతు. పొగిడినా తిట్టినా మత్తు అన్నామంటే మనిషి పూర్తిగా తన స్పృహలో లేడనే. ఒళ్లంతా తెలియకుండా చేసే జనరల్ అనస్థీషియాకు అందుకే ఆ మాట చక్కగా అతికింది. చిక్కు వెన్నులో వేసే సూదితో వస్తుంది. సిజేరియన్లలో చాలావరకు ఆ సూదే వేస్తారు. నడుము కింద నొప్పి తెలియదు, మెలకువ మాత్రం ఉంటుంది. కానీ కాన్పుకు వచ్చినామెకు ముందు చెప్పింది 'మత్తు ఇస్తాం' అని. బల్ల మీద పడుకున్నాక పైన డాక్టర్లు మాట్లాడుకుంటున్నది వినపడుతుంది, పొట్ట దగ్గర లాగుతున్నట్టు తెలుస్తుంది. ఇంకేముంది, గుండె ఝల్లుమంటుంది: "సార్, నాకు మత్తు ఎక్కలే, అన్నీ వినపడుతున్నయ్!" సూది బాగానే పనిచేసింది. మాటే పనిచేయలేదు. తర్వాత ఏళ్లు గడిచినా నడుము నొప్పి వస్తే "అప్పటి మత్తుసూది వల్లే" అనడం మన ఇళ్లలో మామూలే. సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చుగానీ, ఏళ్ల తరబడి బాధించే నడుము నొప్పికి ఆ సూదే కారణమని పరిశోధనల్లో తేలలేదు.

పళ్ల డాక్టర్లు ఈ విషయంలో నయం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకావిడ పన్ను పీకే ముందు చెప్పే తీరు విన్నాను: "పెదవి మొద్దుబారుతుంది, వాచిందేమో అనిపిస్తుంది, వాచదు. రెండు గంటలు వేడి టీ తాగకండి, కాలినా తెలియదు." పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లకు అదే ఆవిడ ఉర్దూ మాటతో 'సున్ అవుతుంది' అంటుంది. మత్తు ఊసే లేదు. షుగరు రోగులకైతే ఈ తేడాలు ఇంకా బాగా తెలుసు. తిమ్మిర్లంటే చీమలు పాకినట్టు. మొద్దుబారడమంటే మెత్త మీద నడిచినట్టు. స్పర్శ పోవడమంటే కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం. మూడోది చెప్పగానే డాక్టరు కూర్చున్నచోటి నుంచి లేచి పాదం చూస్తాడు. ఇన్ని మాటలు జనం నోట్లో ఉండగా ఆపరేషన్ గదికి ఒక్క మత్తుతో సరిపెట్టుకున్నాం.

అదీ ఏ ఊళ్లో! అప్పట్లో ఆపరేషన్లకు పీల్పించే క్లోరోఫాం మనిషిని ఎలా చంపుతుందో తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్న ఊరిది. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు, లండన్ నుంచి లాన్సెట్ వైద్య పత్రిక డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. లారీ పట్టుదల ఒకటే: నాడి కాదు, ఊపిరి చూడండి. గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదని తర్వాతివాళ్లు నిరూపించారు కాబట్టి ఆయన మాట సగమే నిలిచింది. ఇక్కడి వైద్య పాఠశాలలోనే చదివి క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా అనస్థటిస్టుగా, అంటే మత్తు డాక్టరుగా, చెబుతారు. ఆవిడ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో అది వేరే గొడవ.

మాట పూర్తిగా తప్పని అనలేం. కెటమిన్ ఆపరేషన్ బల్ల దగ్గరా దొరుకుతుంది, పార్టీల్లోనూ దొరుకుతుంది. నొప్పి తెలియకుండా ఇచ్చే ఫెంటనిల్ సంగతీ అంతే. మందు మారలేదు. మారింది ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఇచ్చాక పక్కన కూర్చుని ఊపిరి చూస్తున్నదెవరన్నది. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం డాక్టరు చీటీ మీద ఆందోళన తగ్గించే మాత్ర. సీసాలో మోతాదెంతో తాగేవాడికీ తెలియదు, పోసేవాడికీ తెలియదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఒక్కసారిగా ఆ కల్లు దొరక్కపోయేసరికి తెలంగాణ జిల్లాల్లో జనం వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు వచ్చిపడ్డారు. అలాంటిచోట మత్తు అని రాయడం న్యాయమే.

అన్యాయం జరిగేది మార్ఫిన్ దగ్గర. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో నొప్పి తట్టుకోలేనివాళ్లకు ఇచ్చే మాత్ర అది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో దాన్ని నిల్వ ఉంచేవాళ్లే కరువయ్యారు. 2014లో సవరణ చేసి లైసెన్సుల తంటా తగ్గించారు. చట్టం సడలిందిగానీ ఇంట్లోవాళ్ల భయం సడలలేదు. "అది మత్తుమందట, అలవాటైపోతుందట" అని మాత్ర దాచేసే కొడుకులున్నారు. తండ్రి రాత్రంతా మూలుగుతుంటాడు. మొదటి కొద్దిరోజులు మగతగా ఉండొచ్చు, అది తగ్గిపోతుంది. మలబద్ధకం మాత్రం వదలదు, దానికి వేరే మందు ఇస్తారు. డాక్టరు చూస్తూ మోతాదు సరిచేస్తుంటే ఇది నొప్పి మందు, అంతే. అలాగే పిలవాలి.

పోనీ నొప్పి, బాధ తగ్గించే ఈ వైద్యాన్ని 'ఉపశమన చికిత్స' అందామంటే అదీ చెడిపోయింది. ఆ మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలు, ఇక చేతులెత్తేశారని. పక్కనే 'ఊరట' మాత్రం ఊరేగుతోంది. మాజీ మంత్రికి హైకోర్టులో ఊరట, చిరుజల్లులతో నగరవాసులకు ఊరట. క్యాన్సర్ వార్డు వార్తలో మాత్రం ఆ మాట నాకు కనిపించదు.

కొత్త పదాలు ఎవరూ పుట్టించక్కర్లేదు. వెన్ను సూదికి ముందు సంతకం పెట్టించే కాగితం మీద 'నడుము కింద నొప్పి తెలియదు, మెలకువగా ఉంటారు, మాటలు వినపడతాయి, లాగినట్టు అనిపిస్తుంది' అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఆ కాగితం ఇంకా చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటోంది. సంతకం పెట్టేదేమో ఆటోలో తోడొచ్చిన మేనమామ.